బిగించిన స్లాబులో మగ్గం గుంటలు

ఫోను చేసేవాళ్లకు

వారానికి ఒకరైనా ఫోను చేస్తారు. డిప్లొమా పూర్తిచేసి కొత్తగా సైటుకెక్కిన పిల్లలు. ఎవరో నా నంబరు ఇస్తారు. "సార్, పీటీ స్లాబ్ మంచిదా, మామూలు స్లాబ్ మంచిదా? జర రెండు ముక్కల్ల చెప్పరాదా" అని అడుగుతారు. రెండు ముక్కల్లో చెప్పగలిగే విషయమైతే ముప్పై నాలుగేళ్లు ఎండలో ఎందుకు నిలబడతాను? విసుక్కుంటాను. వాళ్లు నొచ్చుకుని పెట్టేస్తారు. ఒకరోజు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "గా పిలగాండ్ల మీద ఎందుకు గరమైతవు? తెల్సింది కాయితం మీద రాసిపెట్టు, అడిగినోళ్లకు ఇయ్యి" అంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెలకపల్లి. హైదరాబాదులో స్లాబులు బిగించే ఒక కంపెనీలో సైటు ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. చివరి సంవత్సరాలన్నీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోనే గడిచాయి. అంతకుముందు ఒకే జిల్లాలో ఉన్న ఈ మూడూ వేరువేరు జిల్లా కేంద్రాలయ్యాక మా వైపు ప్రతివాడికీ హైదరాబాదు బిల్డింగు కావాల్సి వచ్చింది. పిల్లర్లు లేని హాలు కావాలి, దూలాలు కనపడకూడదు. అట్లా నాకు సొంత జిల్లాలో పని దొరికింది. సంతోషించాను కూడా. ఆ సంతోషం ఎక్కువ రోజులు ఉండలేదు.

ప్రమోషన్ల గురించి రాయను. అవి రావడం, రాకపోవడం మీ చేతిలో లేదు. మూడు సైట్ల గురించి రాస్తాను. రెండు చిన్నవి. మూడోది గద్వాలలో నేతపనివాళ్ల కోసం కట్టిన హాలు. దాని మీద పన్నెండు కుటుంబాల బతుకు ఆధారపడి ఉండేది. ఆ హాలు నిలబడేటట్టు చేసింది నేనే, అది వాళ్లకు అక్కరకు రాకుండా పోవడంలో చెయ్యి ఉన్నదీ నాదే.

బిగించడమంటే ఏమిటి

కాంక్రీటును నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. మామూలు స్లాబులో ఆ లాగుడును కింద వేసిన సలాకలు భరిస్తాయి. మా పీటీ, అంటే పోస్ట్ టెన్షన్ పద్ధతిలో స్లాబు పోసేముందు లోపల చదునైన గొట్టాలు పరిచి, వాటిలో ఉక్కు తీగలు దూరుస్తాం. కాంక్రీటు గట్టిపడ్డాక ఒక చివర జాకీ పెట్టి తీగలను లాగి, లాగిన చోటనే బిగించి వదిలేస్తాం. ఒక్కో తీగ మీద పదమూడు, పద్నాలుగు టన్నుల లాగుడు ఉంటుంది. ఆ తీగలు వెనక్కి పోదామని చూస్తూ స్లాబును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటాయి. తర్వాత గొట్టాల్లోకి పలుచని సిమెంటు పాలు ఎక్కించి తీగలను కాంక్రీటుకు అతికిస్తాం. అదే గ్రౌటు. ఇంతే సంగతి.

లాభాలున్నాయి, లేవని ఎవరూ అనలేరు. ముప్పై అడుగుల హాలుకు నడుమ పిల్లరు అక్కర్లేదు. ఎనిమిది అంగుళాల మందం సరిపోతుంది. లోతు దూలాలు ఉండవు కాబట్టి అంతే ఎత్తులో తల మీద ఇంకాస్త జాగా మిగులుతుంది. పగుళ్లు తక్కువ. తీగలు బిగించగానే స్లాబు తన బరువు తాను మోసుకుంటుంది కనుక సెంట్రింగు తొందరగా విప్పి పై అంతస్తుకు ఎక్కించవచ్చు. పెద్ద హాళ్లకు, పార్కింగుకు, ఆఫీసులకు ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇక నష్టాలు. బిగించే మనుషులు, జాకీలు, తీగలు అన్నీ హైదరాబాదు నుంచి రావాలి. ఊరి మేస్త్రికి చేతకాదు, చేతనైనట్టు నటిస్తే ఇంకా ప్రమాదం. అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే ఆ స్లాబు మనసు మార్చుకోనివ్వదు. మన దగ్గర బిల్డింగు కట్టడమంటే సగం కట్టాక ఆలోచించడం మొదలుపెట్టడం. ఇక్కడ బాత్రూం వద్దు, అక్కడ పెట్టు. ఈ మూల లిఫ్టుకు బొక్క కొట్టు. మామూలు స్లాబు ఈ తెలివితక్కువతనాన్ని కొంతవరకు క్షమిస్తుంది. బిగించిన స్లాబుకు బొక్క కొడితే నడుమ తీగ తెగుతుంది. గ్రౌటు సరిగా లేకపోతే తెగిన తీగ ఊరికే ఉండదు, మనిషిని తీసుకుపోతుంది. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎంతమంది తల ఊపి మరిచిపోయారో లెక్కలేదు.

వనపర్తిలో జాకీ వెనక కుర్చీ

వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు. యజమాని బియ్యం మిల్లు ఆయన. మంచి మనిషే గానీ అన్నిటికీ తొందర. మొదటి పెళ్లి బుకింగ్ తీసుకున్నాకే పునాది తవ్వించాడు. తీగలు బిగించే రోజున తెల్లబట్టలు వేసుకుని, ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్చీ తెప్పించుకుని సరిగ్గా జాకీ వెనక వేసుకున్నాడు.

మా పెద్ద ఇంజనీరుకు ఒక నియమం ఉండేది. లాగుతున్న జాకీ వెనక దేవుడొచ్చినా నిలబడకూడదు. ఆయన ఎంత కటువుగా మాట్లాడేవాడంటే, సైటుకు వస్తున్నాడంటే నేను ఏదో సాకుతో గోదాములోకి తప్పుకునేవాణ్ణి. ఒక మాట నేర్పడానికి పది మాటలు తిట్టేవాడు. ఆ రోజు మాత్రం ఆ తిట్లు పనికొచ్చాయి. నేను పోయి, "అన్నా, కుర్చీ ఇక్కడినుంచి తియ్యాలె" అన్నాను.

"నా హాల్ల నేను కూసునుడుకు నీ పర్మిషన్ గావాల్నా?" అన్నాడాయన.

"కూసుంటే నేను జాకీ నడపను. మీ ఇష్టం."

గొణుక్కుంటూ లేచాడు. కుర్చీ పది అడుగులు పక్కకు జరిపించాం. మూడో తీగ లాగుతుండగా మూల కాంక్రీటు పటేలుమని పగిలి, తీగ కొసను బిగించి పట్టుకునే ఇనుప దిమ్మ లోపలికి కూరుకుపోయింది. జాకీ వెనక్కి ఎగిరి, కుర్చీ ఉన్న చోట పడింది. ఫొటోగ్రాఫరు కెమెరా మూసి మెట్లు దిగిపోయాడు.

తప్పు ఎవరిది? నాదే. పరీక్ష కోసం విడిగా పోసిన కాంక్రీటు దిమ్మలు నీళ్ల తొట్టిలో చక్కగా గట్టిపడ్డాయి. ఆ పరీక్ష కాగితం చూసి సరేనన్నాను. స్లాబు మూలన, సరిగ్గా బిగించే దిమ్మ వెనక, వైబ్రేటరు పట్టినవాడు తొందరలో కాంక్రీటును కుదించకుండా వదిలేశాడు. లోపలంతా తేనెపట్టులాగా బొక్కలు. పలక విప్పినప్పుడు నేను వంగి చూసి ఉంటే కనపడేది. నడుము నొప్పిగా ఉందని వంగలేదు. కాగితాన్ని నమ్మడం ఎంత సుఖంగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ మూల పగలగొట్టి, మళ్లీ పోసి, పెళ్లి తేదీని వేరే హాలుకు మార్చుకునేదాకా ఆయన నా మొహం చూడలేదు. మా పెద్ద ఇంజనీరు మాత్రం ఆ సాయంత్రం తిట్టలేదు. "కుర్చీ జరిపినవు గద, మంచిగ చేసినవు" అని ఫోను పెట్టేశాడు. ముప్పై నాలుగేళ్లలో ఆయన నోట విన్న మెచ్చుకోలు అదొక్కటే.

నాగర్‌కర్నూల్లో వద్దన్న స్లాబు

నాగర్‌కర్నూల్లో ఒక డాక్టరు చిన్న దవాఖాన కట్టదలుచుకున్నాడు. తిమ్మాజిపేట దగ్గరి మనిషి, మాకు దూరపు చుట్టం కూడా. అన్నీ పది, పన్నెండు అడుగుల గదులు. అంత చిన్న గదులకు బిగించిన స్లాబు దేనికి? ఆయన బావమరిది హైదరాబాదులో కట్టిన ఆసుపత్రికి అదే వేశారట. అందుకని ఈయనకూ అదే కావాలి.

"మామా, రేపు ఆక్సిజన్ పైపు వేస్తవు, ఎల్లుండి ఇంకో బాత్రూం కావాలంటవు. దవాఖాన ఏడాదికోసారి మారుతది. దీంట్ల బొక్క కొట్టరాదు. మామూలు స్లాబ్ వేస్కో" అని చెప్పాను.

"నీ కంపెనీ పని నువ్వే వద్దంటున్నవేంది? ఇంకేదన్న మతలబు ఉన్నదా?" అని అనుమానంగా చూశాడు.

మంచి చెబితే వచ్చే ఫలం ఇది. మా కంపెనీ యజమాని నన్ను పిలిచి అరగంట నిలబెట్టి కడిగేశాడు. ఆ డాక్టరు చివరికి మామూలు స్లాబే వేసుకున్నాడు. తర్వాత అయిదుసార్లు బొక్కలు కొట్టించాడు. పండక్కి కనపడినప్పుడు ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తుతాడని నేనూ ఎదురుచూడలేదు, కానీ ఒళ్లు మండిందన్నది నిజం.

ఈ రెండు సైట్లు అయ్యేసరికి నాకు అన్నీ తెలుసనుకున్నాను. గద్వాలకు ఆ ధీమాతోనే పోయాను.

గద్వాల హాలు

గద్వాలలో నేతపనివాళ్ల కోసం రెండంతస్తుల బిల్డింగు తలపెట్టారు. కింద చీరల షోరూం, పైన పన్నెండు మగ్గాల హాలు. నడిపించేది ఒక కమిటీ. దాని చైర్మన్ చేనేతలో పుట్టినవాడే గానీ మగ్గం మీద నాడె పట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు, చీరల వ్యాపారంలో స్థిరపడ్డాడు. కింద షోరూంలో పిల్లరు అడ్డం ఉండకూడదన్నాడు. సరే, షోరూంకు పైకప్పూ పై హాలుకు నేలా అయ్యే స్లాబు బిగించినదే వేద్దామని డిజైను తయారైంది. నక్షాలో మగ్గాలను పన్నెండు డబ్బాలుగా గీశారు. ఒక్కో డబ్బాకు ఇంత బరువు అని రాశారు. నేను ఆ బరువు సరిచూసుకున్నాను. బరువు తప్ప ఇంకేమీ చూడలేదు.

చైర్మన్ ఒక షరతు పెట్టాడు. హాల్లో మగ్గానికి జాగా కావాలంటే ఇంట్లో మగ్గం గుంట పూడ్చేయాలి. ఇంట్లో ఒకటి, ఇక్కడ ఒకటి కుదరదన్నాడు. పన్నెండు కుటుంబాలూ సరేనన్నాయి. ఇండ్లు ఇరుకు, మగ్గం తీస్తే పిల్లలు పడుకునే జాగా వస్తుంది. గుంటలు మట్టితో పూడ్చి, పైన సిమెంటు చేయించుకున్నారు. వాళ్లలో శంకరమ్మ ఒకరు. యాభై దాటిన మనిషి. భర్తకు చూపు మందగించి పడుగు, అంటే మగ్గం మీద నిలువునా బిగించే పోగులు, అతకడం మానేశాక ఇంటిని ఆమె మగ్గమే నడిపిస్తోంది. వాళ్ల ఇల్లు సైటుకు రెండు సందుల అవతల.

తీగలు పరుస్తున్న రోజున ఆమె నిచ్చెనెక్కి పైకి వచ్చింది. గొట్టాల మధ్య జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ హాలంతా చూసింది. తర్వాత నన్ను అడిగింది. "సారూ, మగ్గం గీడ వెడతమంటుండ్రు. మరి గుంట యాడ?"

చేనేత సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. గద్వాల మగ్గం నేలలో దిగి ఉంటుంది. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తుంది. గుంట లేకపోతే మగ్గం లేదు. ఈ సంగతి నాకు అప్పటికి తెలుసు. జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, తెలియక కాదు. కానీ చైర్మన్ నాతో వేరే మాట చెప్పాడు. దాన్నే ఆమెకు అప్పజెప్పాను.

"ఫ్రేం మగ్గాలు తెప్పిస్తరంట అమ్మా. కుర్చీల కూసున్నట్టు కూసోని నెయ్యొచ్చంట."

"ఎవరు నేస్తరు సారూ గట్ల? మాకు తెల్వదు."

"నేర్పిస్తరు."

ఆమె నిచ్చెన దిగిపోయింది. నేను జాకీ లెక్కల్లో పడిపోయాను. ఆ రెండు నిమిషాలు వెనక్కి ఇస్తే నా పెన్షనులో సగం ఇచ్చేస్తాను. పని ఆపి, నక్షా గీసినవాళ్లను పిలిపించి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే కథ అక్కడే మారేది. తీగలు ఇంకా వదులుగానే ఉన్నాయి, కాంక్రీటు పోయలేదు.

స్లాబు మాత్రం అచ్చుపోసినట్టు వచ్చింది. ఈసారి ప్రతి మూలా వంగి చూశాను. తీగల సాగుదల లెక్కకు సరిపోయింది. గ్రౌటు దగ్గర నేను నిలబడి, గొట్టం అవతలి కొసన చిక్కటి పాలు బయటికి వచ్చేదాకా మిషను ఆపనివ్వలేదు. షోరూం పైకప్పు లోపలి వైపు ఏ తీగ ఎక్కడ పోతుందో ఎర్ర రంగుతో గీతలు గీయించాను. మెట్ల దగ్గర నక్షా ప్లాస్టిక్ కవరులో పెట్టి అతికించాను. అక్కడున్న వాచ్‌మన్‌కు, చూడవచ్చిన శంకరమ్మకు నా నంబరు ఇచ్చి, "గీ స్లాబ్‌కు ఎవరన్న మిషన్ పట్టుకొస్తే ముందుగాల నాకు ఫోన్ చెయ్యాలె" అని చెప్పాను. పదిరోజుల తర్వాత పోయేసరికి గీతల మీద తెల్ల సున్నం పడింది. చైర్మన్ వేయించాడు. "షోరూంల గా ఎర్ర గీతలేంది సారూ, పులి చారలోలె?" అన్నాడు. మెట్ల దగ్గరి కవరు కూడా మాయమైంది. ఇట్లాంటి మనుషులతో వాదించడానికి కంపెనీవాళ్లు వేరే జీతం ఇవ్వరు.

మిషను వచ్చిన రోజు

ఫ్రేం మగ్గాలు రెండే వచ్చాయి. వాటిమీద మన జరీ అంచు నేయడం ఎవరికీ కుదరలేదు. పన్నెండు కుటుంబాలవాళ్లు తమ పాత మగ్గాలు విప్పుకుని హాల్లోకి తెచ్చి, గుంటలు ఎక్కడని అడిగారు. ప్రారంభోత్సవం దగ్గరపడింది. చైర్మన్‌కు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. స్లాబుకు పన్నెండు బొక్కలు కొట్టిస్తే సరి, కింద షోరూంలో ఫాల్స్ సీలింగు ఎట్లాగూ వేస్తాం, కాళ్లు కనపడవు అన్నాడట. కర్నూలు నుంచి కాంక్రీటు కోసే మిషను పిలిపించాడు.

నేను వనపర్తిలో ఉన్నాను. పొద్దున పది గంటలకు శంకరమ్మ ఫోను.

"సారూ, మిషనోడు వచ్చిండు. నా జాగలనే మొదలువెడతడంట. మీరు కొట్టొద్దంటిరి గద?"

"కొట్టనియ్యొద్దు అమ్మా. వైరు పీకెయ్యి. ఎవరేమన్న అననీ, నేను వస్తున్న."

"చైర్మన్ సాబ్ గీడనే ఉండు. ఆడిదాని మాట ఇంటడా?"

"ఫోన్ ఆయనకియ్యి."

ఆయన తీసుకోలేదట. కారులో గద్వాలకు పరుగెత్తాను. పోయి చూస్తే మిషను ఆగి ఉంది. కరెంటు బోర్డు దగ్గర శంకరమ్మ కూర్చుని ఉంది. ప్లగ్గు పీకి కొంగులో చుట్టి పెట్టుకుంది. చైర్మన్ మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అయితే ఆమె పీకేలోపే మిషను ఒక అడుగు దూరం కోసేసింది. ఆ గాటులో చదును గొట్టం తెరుచుకుని ఉంది. అందులోని నాలుగు తీగల్లో రెండు తెగాయి. గ్రౌటు గట్టిగా పట్టి ఉండడంతో తీగలు ఎగరలేదు. లేకపోతే మిషను వాడు గోడకు కొట్టుకునేవాడు.

నేను నెమ్మదస్తుణ్ణని పేరు. ఆ రోజు చైర్మన్‌ను అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "గంత పరేషాన్ ఏంది సారూ, సిమెంట్ పెట్టి పూడిస్తే అయిపాయె గద" అన్నాడు. చెప్పీ చెప్పీ అలసిపోయి మెట్ల మీద కూలబడ్డాను. శంకరమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. "సారూ, మీ తీగలు బిగిచ్చి ఉన్నయా? పడుగు తీరు?" అని అడిగింది. అవునన్నాను. "మరి పడుగు నడుమ కత్తి పెట్టినట్టాయె" అంది. చైర్మన్‌కు రెండేళ్లుగా ఎక్కని పాఠం ఆమెకు ఒక్క చూపులో ఎక్కింది.

ఎత్తు అరుగు

స్లాబు కింద ఆ భాగానికి వెంటనే ఇనుప ఊతలు పెట్టించాను. మా డిజైనువాళ్లతో కలిసి వారం రోజులు లెక్కలు వేశాం. తెగినచోట చుట్టుపక్కల మగ్గం పెట్టకుండా నడిచే దారిగా వదిలేసి, మగ్గాలను మిగతా భాగంలో సర్దితే స్లాబుకు ప్రమాదం లేదని తేలింది. కానీ గుంటలు?

ఆ ఆలోచన కూడా శంకరమ్మదే. నేను టేపు పట్టుకుని తల గోక్కుంటుంటే, "కిందికి దిగే తొవ్వ లేకుంటే మేమే మీదికి ఎక్కుతం. నడుమెత్తు అరుగు కట్టియ్యిరి, దాంట్ల గుంట పెట్టిరి" అంది. ఇంత సులువైన మాట మా ఇంజనీర్లలో ఒక్కడికీ తట్టలేదు. సన్నటి ఇనుప చట్రం మీద చెక్కపలకలు పరిచి, అరుగులో పన్నెండు గుంటలు వదిలాం. స్లాబుకు ఒక్క మేకు కూడా తగలలేదు. బరువు లెక్కలోపే ఉంది. చైర్మన్ సంతకం అడిగాడు. పన్నెండు మగ్గాలకు ఈ స్లాబు క్షేమమని రాసి సంతకం పెట్టాను. గర్వంగానే పెట్టాను. ప్రారంభోత్సవంలో నాకు శాలువా కప్పారు. ఆ నెలలోనే రిటైరయ్యాను.

నా సంతకం

ఎండాకాలం వచ్చింది. శంకరమ్మ నుంచి మళ్లీ ఫోను. పడుగు పోగులు తెగుతున్నాయట. ఒక చీర నేయడానికి పట్టే రోజులు రెట్టింపయ్యాయట. నేను పోయి చూశాను. హాలు నాలుగు వైపులా కిటికీలతో, చక్కని గాలితో, అన్ని విధాలా బాగుంది. అదే దాని రోగం.

"నేల తడి లేదు సారూ" అంది శంకరమ్మ. "ఇంట్ల గుంట మట్టిల ఉండె. చల్లగ ఉండె. గా చల్లదనానికే పోగు మెత్తగ ఉంటది. గీడ మీద అంత ఎండిపోతుంది. ముట్టుకుంటే తెగుతుంది."

కాళ్లు పెట్టుకోవడానికే గుంట అని నేను అనుకున్నాను. గుంటలోని మట్టి కూడా మగ్గంలో భాగమే అని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. పుట్టి పెరిగిన జిల్లాలో, నా తల్లి కట్టిన చీర ఎట్లా నేస్తారో తెలియకుండానే అది నేసే హాలు కట్టాను.

తడి గోనెసంచులు వేలాడదీశారు. అరుగు కింద నీళ్ల తొట్లు పెట్టారు. లాభం లేకపోయింది. నేను చైర్మన్ దగ్గరికి పోయి, మగ్గాలు కిందికి దించి షోరూం పైకి మార్చమన్నాను. కింద నేల ఉంది, గుంటలు తవ్వవచ్చు. పై హాలుకు చీరల బరువు తగ్గించి ఎట్లా సర్దాలో నేను లెక్కవేసి ఇస్తానన్నాను.

"గిరాకీ మెట్లెక్కి వస్తడా సారూ?" అన్నాడు. తర్వాత సొరుగులోంచి నా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "మీరే రాసిచ్చిండ్రు గద, పన్నెండు మగ్గాలకు హాలు మంచిగున్నదని. నేసేటోళ్లకే పని చేసే మనసు లేదు. గిదే మాట మీటింగుల చెప్పిన."

స్లాబు క్షేమమని రాశాను. హాలు మంచిదని ఆయన చదివాడు. మధ్యలో పన్నెండు కుటుంబాల తప్పు రుజువైపోయింది. ఆ కాగితం వెనక్కి ఇమ్మంటే నవ్వాడు.

ఒక్కొక్కరే మగ్గాలు విప్పుకుని పోయారు. ఇద్దరు ముగ్గురు నేత మానేసి వేరే పనుల్లో చేరారు. ఇప్పుడు ఆ హాల్లో మీటింగులు జరుగుతాయి. ఇంజనీరింగు విద్యార్థులు వచ్చి స్లాబు చూసి పోతారు. పూడ్చిన ఆ గాటు పక్కన కూడా ఒక్క వెంట్రుకవాసి పగులు లేదు. నా జీవితంలో నేను బిగించిన అన్ని స్లాబుల్లోకీ అదే మంచిది. ఆ మాట రాయాలంటే సిగ్గుగా ఉంది.

కాబట్టి పిల్లలూ, పీటీ స్లాబు మంచిదా కాదా అని నన్ను అడగకండి. దాని మీద ఎవరు కూర్చుంటారు, కూర్చుని ఏం చేస్తారు అని ముందు వాళ్లనే అడగండి. తీగలు వదులుగా ఉన్నప్పుడే అడగండి. బిగించాక ఎంత బాగా తెలుసుకున్నా ఏడవడం తప్ప మిగిలేది లేదు.

పోయిన నెల గద్వాల పోయినప్పుడు శంకరమ్మ ఇంటికి వెళ్లాను. ఇంట్లో దుమ్ము. ఆమె చేతిలో గడ్డపార ఉంది. పూడ్చిన గుంట మీద చేయించిన సిమెంటును పగలగొడుతోంది. గోడకు ఆనించి సగం నేసిన చీరతో మగ్గం విప్పి పెట్టి ఉంది. భర్త గుమ్మంలో కూర్చుని పెళ్లలు తడుముకుంటూ గంపలోకి ఎత్తుతున్నాడు. నన్ను చూసి ఆమె నవ్వింది గానీ ఆగలేదు. గట్టి సిమెంటు. గడ్డపార జారిపోతోంది.

చొక్కా చేతులు మడిచి గడ్డపార అందుకున్నాను. "మీకెందుకు సారూ" అంది. వినలేదు. ఉద్యోగమంతా కాంక్రీటు పగలగొట్టేవాళ్లను ఆపడానికే సరిపోయింది. నా చేతులతో పగలగొట్టడం అదే మొదలు. పెళ్ల లేచింది. కింద పూడ్చిన మట్టి వచ్చింది. దాన్ని తోడుతూ పోయాను. మోకాలి లోతు వచ్చాక చెమట తుడుచుకుని, "ఎంత లోతు కావాలె అమ్మా?" అని అడిగాను.

ఆమె గుంటలోకి దిగి నిలబడింది. అరచేయి తొడ మీద అడ్డంగా పెట్టి, "గీడిదాంక సారూ. మా గుంటలు ఎవలకైనా గింతే" అంది.

జేబులోంచి టేపు తీసి ఆమె చేతి దాకా కొలిచి, పుస్తకంలో రాసుకున్నాను.